జీతపు పత్రం అందకముందే పన్ను లెక్క ఒప్పజెప్పవచ్చునా?

(బెంగుళూరులో మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది నాడు వేపపూవు పచ్చడి తిని, పంచాంగం విని, ఎవరి రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో లెక్క చూసుకోవడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న అలవాటు. సొంత ఊరు విడిచి బెంగుళూరు చేరి ఎన్ని తరాలైనా ఆ అలవాటును మాత్రం మనం విడిచిపెట్టలేదు. అయితే ఉద్యోగస్థుల ఇళ్లలో ఇంకొక పంచాంగం కూడా ఉన్నది. అది సర్కారువారి పంచాంగం. దాని సంవత్సరాది ఏప్రిల్ 1వ తేదీ. అందులోనూ ఆదాయ వ్యయాలున్నవి. రాజపూజ్య అవమానాలు కూడా ఉన్నవి. లెక్క సరిగా ఒప్పజెప్పినవారికి రిఫండు రూపంలో రాజపూజ్యం, తప్పుగా ఒప్పజెప్పినవారికి నోటీసు రూపంలో అవమానం. రెండింటికీ తేడా ఒక్కటే. మొదటి పంచాంగంలోని అంకెలు మన చేతిలో లేవు. రెండవ దానిలోవి చాలావరకు మన చేతిలోనే ఉన్నవి.

పండుగపూట ఇన్‌కంటాక్సు ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. సంఘం గదిలో ఆదివారాలు కూర్చుని సభ్యుల కాగితాలు చూసిపెట్టేవారం మేము నలుగురం ఉన్నాము. మేము ఆడిటర్లము కాము, మీవలె జీతగాళ్లమే. ఏటా మాకు రెండు ప్రశ్నలు తప్పకుండా ఎదురవుతవి. ఏప్రిల్‌లో వచ్చేవారు, "మార్చి జీతం చీటీ చేతికొచ్చింది. ఫారం 16 వచ్చేదాకా ఆగడమెందుకు? ఇప్పుడే రిటర్ను వేస్తే రిఫండు తొందరగా వస్తుంది గదా?" అని అడుగుతారు. జూలైలో వచ్చేవారు, "ఆఫీసువారు ఫారం 16 ఇంకా ఇవ్వలేదు. అది లేకుండా రిటర్ను వేయకూడదట గదా?" అంటారు. మొదటివారిది తొందర, రెండవవారిది భయం. ఇద్దరూ నష్టపోతున్నారు.

మన పెద్దలు "నిదానమే ప్రధానం" అన్నారు. "ఆలస్యం అమృతం విషం" అని కూడా వారే అన్నారు. రెండూ నిజమే, వేళ తెలిసి వాడుకోవాలి. ఈ విషయంలో జూన్ 15వ తేదీ దాకా మొదటి సామెత, ఆ తరువాత రెండవ సామెత. మేము చెప్పదలచిన సారమంతా ఇంతే. ఇక ఎందుకో మనవి చేస్తాము.

ముందు ఈ ఫారం 16 అనేది ఎక్కడినుంచి పుడుతుందో చూడాలి. ఆఫీసువారు మన జీతంలోంచి ప్రతి నెలా పన్ను పట్టుకుంటారు. పట్టుకున్నది మరుసటి నెల 7వ తేదీలోగా సర్కారుకు కట్టాలి. మార్చి నెలలో పట్టుకున్నదానికి మాత్రం ఏప్రిల్ 30 దాకా గడువున్నది. కట్టినంతమాత్రాన సరిపోదు. ఆ డబ్బులో ఎవరి పేరున, ఏ పాన్ నంబరున ఎంత కట్టారో మూడు నెలలకొకసారి జాబితా పంపాలి. ఆ జాబితా వెళ్లిన తరువాతగాని ఆ సొమ్ము మన ఖాతాలో కనిపించదు. జనవరి నుంచి మార్చి దాకా ఉన్న చివరి మూడు నెలల జాబితాకు గడువు మే 31. ఈ జాబితాలన్నీ ఢిల్లీ పక్కనున్న గాజియాబాదులోని కేంద్రంలో చేరతవి. అక్కడి లెక్కనుబట్టి ఫారం 16 మొదటి భాగం తయారవుతుంది. జీతమెంత, మినహాయింపులెన్ని అని చెప్పే రెండవ భాగాన్ని ఆఫీసువారు జతచేస్తారు. రెండూ కలిపి జూన్ 15లోగా మన చేతికివ్వాలి.

ఇక మనం వేసే రిటర్ను ఎక్కడికి పోతుంది? ఎక్కడికో కాదు, మన బెంగుళూరుకే. దేశంలో ఏ మూల వేసిన రిటర్నునైనా సరిచూసే కేంద్రం ఈ ఊళ్లోనే ఉన్నది. మనం చెప్పిన అంకెనూ, గాజియాబాదులోని అంకెనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండూ కలిస్తే సరి. ఏప్రిల్‌లో రిటర్ను వేయడమంటే సాక్షి ఊళ్లోకి రాకముందే వాజ్యం వేసినట్లు. మన మాట నిజమే కావచ్చు. దానిని నిజమని చెప్పేవాడు ఇంకా రాలేదు.

చట్టం అడ్డుచెప్పదు. ఫారం 16 చేతికి రాకముందు రిటర్ను వేయకూడదన్న నిషేధమేదీ లేదు. కొన్ని సంవత్సరాలలో రిటర్ను ఫారములు ఏప్రిల్‌లోనే తెరుస్తారు. 2024లో ఏప్రిల్ 1నుంచే తెరిచి ఉంచారు. 2025లో మే నెలాఖరుదాకా తెరవలేదు. తలుపు తెరిచి ఉన్నది గదా అని లోపలికి పోవడమా, వంట అయిందో లేదో కనుక్కొని పోవడమా అన్నదే ప్రశ్న.

2024లో జరిగిన ఒక సంగతి చెబుతాము. మన సభ్యులలో ఒక యువకుడు. 2023–24 నుంచి ఏ పద్ధతీ ఎంచుకోనివారికి కొత్త పన్ను పద్ధతే దానంతటది వర్తించే ఏర్పాటు వచ్చింది. ఆ సంగతి గమనించక ఆఫీసులో ఏమీ చెప్పలేదు. ఇంటద్దె, బీమా, పిల్లవాడి ఫీజు ఏదీ లెక్కలోకి రాక పన్ను ఎక్కువగా కోతపడింది. రిటర్నులో పాత పద్ధతి కోరుకుంటే ముప్పైవేల పైచిలుకు వాపసు వస్తుంది. జూన్‌లో కట్టవలసిన బడి ఫీజుకు ఆ సొమ్ము సరిగా సరిపోతుందని ఇంట్లో అందరూ ఆశపెట్టుకున్నారు. పన్నెండు జీతం చీటీలు కూడి ఏప్రిల్ రెండవ వారంలో రిటర్ను వేశాడు.

అందులో రెండు పొరపాట్లు జరిగినవి. మార్చి 31న బ్యాంకులో పడిన పాత బకాయి జీతం ఏ చీటీలోనూ లేదు. అది లెక్కలో తప్పిపోయింది. పన్నెండు నెలల కోత తన పేరున జమ అయినట్లు రాశాడు. సర్కారు లెక్కలో అప్పటికి తొమ్మిది నెలలదే ఉన్నది. రిఫండు రాలేదు సరికదా, ఇంకా కట్టవలసి ఉన్నదని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం చూసి ఇంట్లో పెద్దావిడ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తప్పు చేసినవారికే అట్లాంటి కాగితాలు వస్తవని ఆమె నమ్మకం. ఫీజు వడ్డీకి తెచ్చి కట్టారు. ఫారం 16 వచ్చాక అంకెలన్నీ సరిచేసి సవరణ రిటర్ను వేయించాము. సొమ్ము వచ్చింది, కాని దసరా దాటిన తరువాత వచ్చింది. రెండు నెలలు ముందు పొందుదామనుకున్నది నాలుగు నెలలు వెనకపడింది. రెండు మాసాలు ఓపిక పట్టి ఉంటే వడ్డీ మిగిలేది, ఆ తల్లికి మనశ్శాంతీ మిగిలేది.

జీతం చీటీలు నమ్మదగనివని మేము అనడం లేదు. అవి నెల లెక్క చెబుతవి, సంవత్సరపు లెక్క చెప్పవు. బకాయిలు, బోనసు, సెలవు జీతం, ఆఫీసు ఇచ్చిన ఇల్లు, కారు వంటి సౌకర్యాల విలువ – ఇవన్నీ సంవత్సరాంతంలోగాని తేలవు.

ఉద్యోగం మారినవారి విషయం మరీ ముఖ్యమైనది. మన పిల్లలలో ఏడాదిలో ఒకసారైనా కంపెనీ మారనివారు తక్కువ. 2025–26 సంవత్సరానికి కొత్త పద్ధతిలో ఒక లెక్క చూడండి. ఒకరు మొదటి ఆరు నెలలు ఒకచోట నెలకు 1,00,000 రూపాయల చొప్పున, తరువాతి ఆరు నెలలు ఇంకొకచోట 1,40,000 చొప్పున సంపాదించారనుకుందాము. మొదటి కంపెనీ ఏడాదికి 12,00,000 అని అంచనా కట్టి, అందులో 75,000 తీసివేసి, పన్నెండు లక్షల లోపే గనుక పన్ను లేదన్నది. రెండవ కంపెనీ తానిచ్చిన 8,40,000 మాత్రమే చూసి పన్ను లేదన్నది. ఇద్దరూ పైసా పట్టలేదు. మన కుర్రవాడు సంతోషించాడు. రెండూ కలిపితే 14,40,000. అందులో 75,000 పోగా 13,65,000. దానిమీద పన్ను 84,750. నూటికి నాలుగు చొప్పున సెస్సు 3,390. మొత్తం 88,140 రూపాయలు. ముందుగా కట్టనందుకు వడ్డీ వేరు. చివరి కంపెనీ చీటీ ఒక్కటే చూసి రిటర్ను వేసినవాడు ఈ 88,140ని దాచినట్లవుతుంది. అతడికి దాచే ఉద్దేశం లేదు. కాని కాగితం ఉద్దేశం చూడదు.

దీనికి మందు కూడా ఉన్నది. కొత్త ఉద్యోగంలో చేరిన వెంటనే పాతచోటి జీతమూ కోతా వివరాలు రాసి కొత్త ఆఫీసుకివ్వాలి. 1961 చట్టం కింద దానికి ఫారం 12బి అని ఉన్నది. ఇస్తే వారే రెండూ కలిపి నెలనెలా కొంచెం కొంచెంగా పడతారు. ఇవ్వనివారు కనీసం ఇద్దరి పత్రాలూ చేతికి వచ్చేదాకా ఆగాలి.

వలస వచ్చిన మన ఇళ్లలో ఇంకొక చిక్కున్నది. మనకు ఇక్కడొక ఖాతా, ఊళ్లో ఒక ఖాతా. నాన్నగారు మన పేరున వేసిన డిపాజిట్టు నెల్లూరులోనో, అనంతపురంలోనో, బళ్లారిలోనో ఉంటుంది. దాని వడ్డీ సంగతి ఆఫీసుకు తెలియదు. ఫారం 16లో ఉండదు. కాని బ్యాంకు సర్కారుకు చెబుతుంది. 2021 నవంబరు నుంచి అమలులో ఉన్న వార్షిక సమాచార పత్రంలో అది కనిపిస్తుంది. బ్యాంకులు పంపే ఆ వార్షిక వివరాలకు కూడా గడువు మే 31యే. ఏప్రిల్‌లో చూసి, ఏమీ లేదు గదా అనుకోవడం పొరపాటు. పొలం కౌలు వచ్చేవారు కూడా గమనించాలి. వ్యవసాయాదాయానికి పన్ను లేకపోయినా రిటర్నులో చూపాలి. అది ఏడాదికి 5,000 దాటితే 'సహజ్' అనే చిన్న ఫారం పనికిరాదు.

ఇంతవరకు నిదానం సంగతి. ఇక ఆలస్యం సంగతి.

జూన్ 15 దాటింది. ఆఫీసువారు పత్రం ఇవ్వలేదు. అడిగితే, "వస్తుంది, చూద్దాం" అంటారు. చిన్న కంపెనీలు, కాంట్రాక్టు పనులు, మూతపడిన సంస్థలు – వీటిలో పనిచేసినవారికి ఇది కొత్తకాదు. అప్పుడు పత్రం కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. జీతగాళ్లు రిటర్ను వేయడానికి మామూలు గడువు జూలై 31. ఒక్కొక్క ఏడు పొడిగిస్తారు. 2025లో సెప్టెంబరు 16 దాకా పొడిగించారు. పొడిగింపును నమ్ముకొని కూర్చోవడం, వాన వస్తుందని అప్పుచేసి విత్తనాలు కొన్నట్లే. "ఆఫీసువారు ఇవ్వలేదు" అన్న మాట గడువు దాటడానికి కారణంగా చెల్లదు. 1961 చట్టం కింద ఆలస్యపు రుసుము 5,000 రూపాయలు. ఆదాయం అయిదు లక్షలలోపైతే 1,000. బాకీ ఉన్న పన్నుమీద నెలకు నూటికొక రూపాయి వడ్డీ. గడువు దాటితే జీతగాడికి ఆ ఏటికి పాత పద్ధతి ఎంచుకునే హక్కు కూడా పోతుంది. ఇంటద్దె మినహాయింపు కోరుకునేవారికి ఇదే పెద్ద దెబ్బ.

రిటర్నుతో ఫారం 16 జతచేయనక్కరలేదు. అది మన లెక్కకు ఆధారమేగాని, రిటర్నుకు టిక్కెట్టు కాదు. అది లేనప్పుడు లెక్క మనమే కట్టుకోవాలి. పన్నెండు నెలల జీతం చీటీలు, బ్యాంకు పాసుబుక్కు ముందు పెట్టుకోండి. ఇన్‌కంటాక్సు వారి వెబ్‌సైటులో మన పేరున జమ అయిన కోతలు చూపే 26ఎఎస్ అనే పట్టికనూ, వార్షిక సమాచార పత్రాన్నీ తీసుకోండి. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి సరిచూడండి. మొత్తం జీతం చీటీలనుంచి, చేతికందినది పాసుబుక్కునుంచి, కట్టిన పన్ను పట్టికనుంచి తేలుతుంది. తక్కువపడితే ముందు ఆ పన్ను కట్టి, తరువాత రిటర్ను వేయండి. వేసిన తరువాత 30 రోజులలోగా ధ్రువీకరించడం మరువవద్దు. అది చేయని రిటర్ను వేయనట్లే. తరువాత ఫారం 16 వచ్చి తేడా కనబడితే గడువులోగా సవరించుకోవచ్చు. సవరణ నేరం కాదు. తెలిసిన తప్పును దిద్దుకోకపోవడమే నేరం.

అన్నిటికన్నా బాధాకరమైన సంగతి ఇంకొకటున్నది. జీతం చీటీలో కోత కనిపిస్తుంది, పట్టికలో కనిపించదు. అంటే మన సొమ్ము పట్టుకున్నారు, సర్కారుకు కట్టలేదు. మా దగ్గరకు వచ్చినవారిలో ఒకాయన ఏడాదిపాటు కోత పడి, కంపెనీ తలుపులు మూసిన తరువాత, అదే పన్ను మళ్లీ కట్టమన్న కాగితం పట్టుకొని వచ్చాడు. "ఒకే ఆవును రెండుసార్లు అమ్మాలా?" అని అడిగాడు. అక్కరలేదు. 1961 చట్టం 205వ సెక్షను ప్రకారం, మన జీతంలో ఇప్పటికే కోసిన పన్నుమేరకు మనలను మళ్లీ కట్టమని అడగరాదు. అటువంటి బాకీలను బలవంతంగా వసూలు చేయవద్దని 2015 జూన్‌లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు తన అధికారులకు ఆదేశించింది. 2016లో మరల గుర్తుచేసింది. కాని ఈ రక్షణ రుజువున్నవారికే. రుజువేమిటి? జీతం చీటీలు, నియామక పత్రం, కోత పోగా మిగిలినదే బ్యాంకులో పడినట్లు చూపే పాసుబుక్కు. ఆయన భార్య పన్నెండు చీటీలూ బియ్యం డబ్బామీద ఒక సంచిలో దాచి ఉంచింది. ఆ సంచే ఆ ఇంటిని కాపాడింది. మేము రాసిపెట్టిన జవాబుకన్నా ఆ ఇల్లాలి జాగ్రత్తే ఎక్కువ పనిచేసింది.

పత్రం ఇవ్వని ఆఫీసుకు కూడా శిక్ష ఉన్నది. 1961 చట్టం కింద ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయల జరిమానా. కాబట్టి నోటిమాటతో సరిపెట్టక, ఉత్తరం రాసి, నకలు ఉంచుకోండి. మర్యాదగానే రాయండి, తేదీ వేసి రాయండి.

ఒక్క హెచ్చరిక. ఏప్రిల్‌లోనే రిఫండు ఇప్పిస్తామని, వచ్చినదానిలో ఇంత వాటా అని తిరిగేవారున్నారు. వారు లేని బీమాలు, ఇవ్వని విరాళాలు రాస్తారు. సంతకం మనది, లాభంలో వాటా వారిది. ఇట్లాంటి దొంగ మినహాయింపులమీద 2025 జూలైలో ఇన్‌కంటాక్సు శాఖ దేశంలో పలుచోట్ల సోదాలు చేసింది. తప్పుడు వివరాలిచ్చి ఎగవేసిన పన్నుకు రెండింతల దాకా జరిమానా ఉన్నది. ఇంకా చూడండి: మీ ఖాతాలో ఎవరి ఫోను నంబరున్నది? చాలామందికి అది ఏజెంటు నంబరు. అప్పుడు నోటీసు వచ్చినా మీకు తెలియదు. ఈ రాత్రి ఇంటికి వెళ్లి ఆ ఒక్కటైనా మార్చుకోండి.

మరి కొత్త చట్టం మాటేమిటని అడుగుతారు. 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేశారు. 2026 ఏప్రిల్ 1 నుంచి సంపాదించే ఆదాయానికి అది వర్తిస్తుంది. అంతకుముందరి సంపాదనకు 1961 చట్టమే. కొత్తదానిలో సెక్షన్ల సంఖ్యలు మారినవి, 'పన్ను సంవత్సరం' అనే మాట వచ్చింది. కాగితాల పేర్లు ఏవైనా, కోసినవాడు చెప్పే లెక్కా, మనం చెప్పే లెక్కా ఒకటి కావాలన్న సూత్రం మాత్రం మారదు.

చివరగా ఇళ్లలోని అమ్మలకూ అక్కయ్యలకూ ఒక మనవి. ఇంటికొక ఫైలు పెట్టండి. జీతం చీటీలు, ఇంటద్దె రసీదులు, బీమా రసీదులు, ఊరి బ్యాంకు కాగితాలు అందులో వేయండి. ఇంగ్లీషులో ఉన్నవని వదలవద్దు. తేదీ, అంకె చదవగలిగితే చాలు. పొరుగుదేశంలో బతికేవాడికి ఆస్తి పొలం కాదు, కాగితమే. మన తాతలు ఇక్కడికి వచ్చినప్పుడు తమ నిజాయితీకి సాక్షి చెప్పే ఊరివాళ్లు వెంటలేరు. వారు మాట నిలబెట్టుకొని పేరు తెచ్చుకున్నారు. మనం లెక్క నిలబెట్టుకొని ఆ పేరు కాపాడుకుందాము.

జూన్ 15 దాకా నిదానం, జూలై 31కి ముందే సిద్ధం. కాగితాలు తీసుకొని ఆదివారం రండి, మేముంటాము. ఈ కొత్త సంవత్సరంలో మీ అందరి ఇళ్లలోనూ ఆదాయం వ్యయాన్ని మించాలనీ, రాజపూజ్యం అవమానాన్ని మించాలనీ కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.